మార్పిడి విద్యుత్ కారు ప్రయాణ దూరపు అంచనా

పెట్రోలుతో నడిచే పాత కారులోని ఇంజనును తొలగించి, దాని స్థానంలో విద్యుత్ మోటారును, బ్యాటరీలను అమర్చి తయారుచేసిన వాహనాన్ని మార్పిడి విద్యుత్ కారు అంటారు. ఒకసారి పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీతో ఇటువంటి కారు ఎంత దూరం వెళ్ళగలదో ముందుగా లెక్కకట్టడాన్ని ప్రయాణ దూరపు అంచనా అంటారు. ఈ లెక్కకు పదవ తరగతి స్థాయి భౌతికశాస్త్రం చాలు. అయితే బ్యాటరీ పైన అచ్చువేసిన సంఖ్యను యథాతథంగా నమ్మితే అంచనా మూడు రెట్ల వరకు తప్పవచ్చు. ఈ వ్యాసంలో ఒక చిన్న కారును ఉదాహరణగా తీసుకొని ఆ లెక్కను మొదటి నుండి చివరి వరకు వివరించడమైనది.

నేపథ్యం

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయగల బ్యాటరీని కనుగొన్నాడు. పందొమ్మిదవ శతాబ్దం చివరినాటికే ఈ సీస-ఆమ్ల బ్యాటరీలతో కార్లు నడిచాయి. తరువాత పెట్రోలు కార్ల ధాటికి అవి వెనుకబడ్డాయి. 1967లో అమెరికాలోని కాలిఫోర్నియాలో విద్యుత్ వాహనాల ఔత్సాహికులు ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత పాత కార్లను ఇంటి షెడ్డులోనే విద్యుత్ కార్లుగా మార్చుకోవడం పట్ల ఆసక్తి పెరిగింది.

భారతదేశంలో 2001లో బెంగుళూరు నుండి వెలువడిన రేవా కారు తొలినాళ్ళలో సీస-ఆమ్ల బ్యాటరీలతోనే నడిచింది. ఈ పనికి బాగా అనుకూలమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే పదార్థాన్ని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం 1997లో ప్రకటించింది. లిథియం-అయాన్ బ్యాటరీల అభివృద్ధికి చేసిన కృషికి గాను గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

అంచనా ఆవశ్యకత

మార్పిడి కారులో అన్నిటికంటె ఖరీదైన భాగం సాధారణంగా బ్యాటరీయే. కొన్న తరువాత దూరం చాలలేదని తెలిస్తే చేయగలిగినది స్వల్పం. మరిన్ని బ్యాటరీలు చేర్చాలంటే చోటు ఉండదు, ఉన్నా కారు మోయగల బరువు దాటిపోతుంది.

రెండవ కారణం బ్యాటరీ ఆయుష్షు. దూరం చాలని కారును ఎలాగో ఇంటికి చేర్చాలని ప్రతిరోజూ బ్యాటరీని అడుగంటా వాడితే, సంవత్సరాల తరబడి మన్నవలసిన సీస-ఆమ్ల బ్యాటరీ కొద్ది నెలలలోనే పాడవుతుంది. పెట్రోలు ట్యాంకు ఎన్నిసార్లు ఖాళీ అయినా ట్యాంకుకు నష్టం లేదు. బ్యాటరీ విషయం అలా కాదు, ఖాళీ చేయడమే దానికి హాని.

మూడవది భద్రత. వంతెన మీదనో ఘాట్ రోడ్డు మలుపులోనో కారు నిలిచిపోతే ప్రమాదం కేవలం అందులో ఉన్నవారికే పరిమితం కాదు.

మౌలిక ప్రమాణాలు

బలాన్ని న్యూటన్లలోను, శక్తిని జౌళ్ళలోను కొలుస్తారు. ఒక న్యూటన్ బలంతో ఒక మీటరు దూరం జరిపితే ఖర్చయ్యే శక్తి ఒక జౌలు. విద్యుత్ లెక్కలలో జౌలు మరీ చిన్నది కనుక వాట్-గంటను వాడతారు. ఒక వాట్-గంట 3,600 జౌళ్ళకు సమానం. వెయ్యి వాట్-గంటలు ఒక కిలోవాట్-గంట. కరెంటు బిల్లులో మనం "యూనిట్" అని పిలిచేది దీనినే.

బ్యాటరీ నిల్వను ఆంపియర్-గంటలలో చెబుతారు. దానిని వోల్టులతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో కాగితం మీద 1,200 వాట్-గంటల శక్తి, అనగా 1.2 యూనిట్లు ఉంటాయి.

ఇక్కడ ఒక సులభసూత్రాన్ని గుర్తుంచుకోవచ్చు. కారును కదిలించడానికి కావలసిన బలాన్ని న్యూటన్లలో తీసుకొని 3.6తో భాగిస్తే, కిలోమీటరుకు చక్రాల వద్ద ఖర్చయ్యే వాట్-గంటలు నేరుగా లభిస్తాయి. కిలోమీటరులో వెయ్యి మీటర్లు, వాట్-గంటలో 3,600 జౌళ్ళు ఉండడమే దీనికి కారణం.

కారు శక్తిని ఖర్చుచేసే మార్గాలు

సమతలంపై స్థిరవేగంతో పోయే కారు ముఖ్యంగా రెండు నిరోధాలను ఎదుర్కొంటుంది. ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు, ఆగి మళ్ళీ బయలుదేరినప్పుడు మరి రెండు ఖర్చులు చేరుతాయి.

దొర్లుడు ఘర్షణ: టైరు రోడ్డును తాకే చోట నొక్కుకొని మళ్ళీ పూర్వరూపం పొందుతూ ఉంటుంది. ఈ క్రమంలో కొంత శక్తి వేడిగా మారుతుంది. కారు ద్రవ్యరాశిని గురుత్వ త్వరణం 9.81తోను, దొర్లుడు ఘర్షణ గుణకంతోను గుణిస్తే ఈ బలం వస్తుంది. మంచి తారురోడ్డుపై, సరిగా గాలి నింపిన టైర్లకు ఈ గుణకం 0.010 నుండి 0.015 వరకు ఉంటుంది. గాలి తక్కువైన టైర్లకు, గతుకుల రోడ్డుకు ఇంకా పెరుగుతుంది. ఈ బలం కారు బరువును బట్టి మారుతుంది, వేగంతో అంతగా మారదు.

గాలి నిరోధం: గాలి సాంద్రతలో సగాన్ని, కారు ఆకారాన్ని బట్టి ఉండే నిరోధ గుణకంతోను, ఎదురుగా చూసినప్పుడు కనిపించే వైశాల్యంతోను, వేగపు వర్గంతోను గుణిస్తే ఇది లభిస్తుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. వేగంగా నడిపిన కొద్దీ ప్రయాణ దూరం తగ్గడానికి ఇదే కారణం.

ఎత్తు ఎక్కడం: ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎక్కిన ఎత్తు - ఈ మూడింటి లబ్ధమే ఖర్చయ్యే శక్తి. రోడ్డు ఎంత వంకరగా తిరిగినా ఎక్కే ఎత్తుకే ఈ లెక్క.

ఆగి బయలుదేరడం: కారు వేగం పుంజుకున్నప్పుడు దానికి గతిజశక్తి వస్తుంది. ఇది ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించగా వచ్చేది. బ్రేకు వేయగానే ఆ శక్తి అంతా వేడిగా మారిపోతుంది. కర్మాగారంలో తయారైన విద్యుత్ కార్లలో ఇందులో కొంత భాగం తిరిగి బ్యాటరీకి చేరే ఏర్పాటు ఉంటుంది. సాధారణ శ్రేణి డి.సి. మోటారు అమర్చిన ఇంటి మార్పిడి కార్లలో సామాన్యంగా ఆ వసతి ఉండదు.

ఈ ఖర్చులన్నీ చక్రాల వద్ద లెక్కించినవి. బ్యాటరీ నుండి చక్రానికి చేరేలోపు కంట్రోలరు, మోటారు, గేరుబాక్సు తమ వంతు తీసుకుంటాయి. వాటి దక్షతలను వరుసగా 95, 85, 95 శాతంగా తీసుకుంటే మొత్తం దక్షత 0.95 × 0.85 × 0.95 = 0.767 అవుతుంది. అనగా బ్యాటరీ ఇచ్చిన ప్రతి వంద వాట్-గంటలలో చక్రానికి చేరేది సుమారు 77 మాత్రమే.

ఉదాహరణ కారు

650 కిలోల బరువుండే ఒక చిన్న పెట్రోలు కారును తీసుకుందాం. ఇంజను, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, సైలెన్సరు వంటివి తీసివేస్తే సుమారు 120 కిలోలు తగ్గుతాయి. మోటారు, కంట్రోలరు, ఛార్జరు, కేబుళ్ళు, బిగింపు పలకలు కలిపి 80 కిలోలు చేరుతాయి. 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటల సీస-ఆమ్ల బ్యాటరీలు ఎనిమిదింటిని శ్రేణిలో కలిపితే 96 వోల్టులు వస్తాయి. ఒక్కొక్కటి 30 కిలోల చొప్పున వాటి బరువు 240 కిలోలు. ఇద్దరు మనుషులు, కొద్ది సామానుకు 150 కిలోలు వేసుకుంటే మొత్తం సరిగ్గా 1,000 కిలోలు అవుతుంది.

దొర్లుడు ఘర్షణ గుణకం 0.012, గాలి నిరోధ గుణకం 0.40, ఎదురు వైశాల్యం 1.7 చదరపు మీటర్లు, గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు అనుకుందాం. దొర్లుడు ఘర్షణ బలం 1,000 × 9.81 × 0.012 = 118 న్యూటన్లు.

గంటకు 50 కి.మీ. వేగమంటే సెకనుకు 13.9 మీటర్లు. ఆ వేగం వద్ద గాలి నిరోధం 0.5 × 1.2 × 0.40 × 1.7 × 193 = 79 న్యూటన్లు. రెండూ కలిపి 197 న్యూటన్లు. దీనిని 3.6తో భాగిస్తే కిలోమీటరుకు 54.7 వాట్-గంటలు. మొత్తం దక్షత 0.767తో భాగిస్తే 71 వాట్-గంటలు. దీపాలు, వైపర్లు, హారన్ వంటి వాటికి 150 వాట్లు పోతాయనుకుంటే కిలోమీటరుకు మరో 3 చేరి మొత్తం 74 వాట్-గంటలు అవుతుంది.

ఇదే పద్ధతిలో వేర్వేరు స్థిరవేగాల వద్ద కిలోమీటరుకు బ్యాటరీ నుండి ఖర్చయ్యే శక్తి ఇలా ఉంటుంది:

- గంటకు 30 కి.మీ.: 58 వాట్-గంటలు
- గంటకు 50 కి.మీ.: 74 వాట్-గంటలు
- గంటకు 80 కి.మీ.: సుమారు 118 వాట్-గంటలు

అయితే పట్టణంలో ఏ కారూ స్థిరవేగంతో పోదు. 40 కి.మీ. వేగం అందుకొని, ఆగి, మళ్ళీ బయలుదేరే కారును చూద్దాం. స్థిరవేగానికి 61 వాట్-గంటలు. ఆగిన ప్రతిసారీ పోయే గతిజశక్తి 61,700 జౌళ్ళు, అనగా 17 వాట్-గంటలు. దక్షతతో భాగిస్తే బ్యాటరీపై భారం 22 వాట్-గంటలు. కిలోమీటరుకు రెండుసార్లు ఆగవలసి వస్తే 45. కూడళ్ళలో నిలిచే కాలంతో కలిపి సగటు వేగం 25 కి.మీ. అనుకుంటే దీపాలు వగైరాలకు 6. మొత్తం 112. కొంత జాగ్రత్త కలిపి కిలోమీటరుకు 115 వాట్-గంటలు అని తీసుకోవడం సబబు.

ఈ సంఖ్యను మరొక మార్గంలో సరిచూడవచ్చు. లీటరు పెట్రోలులో సుమారు 8.9 యూనిట్ల శక్తి ఉంటుంది. మార్పిడికి ముందు ఆ కారు పట్టణంలో లీటరుకు 18 కి.మీ. ఇచ్చేదనుకుంటే కిలోమీటరుకు 494 వాట్-గంటల పెట్రోలు ఖర్చయినట్లు. పట్టణపు నడకలో పెట్రోలు ఇంజను దక్షతను 20 శాతంగా తీసుకుంటే, ఇంజను నుండి గేరుబాక్సుకు చేరినది 99 వాట్-గంటలు. కంట్రోలరు, మోటారుల దక్షత 0.81తో దీనిని భాగిస్తే 122 వస్తుంది. రెండు వేర్వేరు దారులలో వచ్చిన 115, 122 దగ్గరగా ఉండడం వలన లెక్క సరైన దిశలోనే ఉన్నదని భావించవచ్చు.

బ్యాటరీ నుండి నిజంగా లభించే శక్తి

ఎనిమిది బ్యాటరీలలో కాగితం మీద ఉన్న శక్తి 96 × 100 = 9,600 వాట్-గంటలు. దీనిని 74తో భాగించి "130 కిలోమీటర్లు వస్తుంది" అని సంతోషించడం చాలామంది చేసే మొదటి పొరపాటు. ఈ 9,600లో నుండి వరుసగా కొన్ని తగ్గింపులు చేయాలి.

పాయికెర్ట్ నియమం

జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పాయికెర్ట్ 1897లో సీస-ఆమ్ల బ్యాటరీల గురించి ఒక నియమాన్ని ప్రతిపాదించాడు. బ్యాటరీ నుండి ఎంత ఎక్కువ కరెంటును తీసుకుంటే, దానినుండి లభించే మొత్తం ఆంపియర్-గంటలు అంత తగ్గుతాయి. కరెంటును వేగంగా లాగినప్పుడు పలకల లోపలి పొరలకు ఆమ్లం తగినంత త్వరగా చేరలేకపోవడం ఇందుకు ముఖ్య కారణం.

100 ఆంపియర్-గంటలు అనే సంఖ్య సాధారణంగా 20 గంటల రేటు ప్రకారం చెప్పినది. అనగా 5 ఆంపియర్ల కరెంటు చొప్పున నెమ్మదిగా తీసుకుంటేనే ఆ వంద వస్తాయి. కారు అలా తీసుకోదు. కదులుతున్నప్పటి సగటు వేగం 30 కి.మీ. అయితే 115 × 30 = 3,450 వాట్లు, 96 వోల్టులతో భాగిస్తే సుమారు 36 ఆంపియర్లు అవసరం.

పాయికెర్ట్ సూత్రం ప్రకారం బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ఇలా లెక్కిస్తారు. ముందుగా నిల్వను, కరెంటు - నిర్ణీత గంటల లబ్ధంతో భాగించాలి. వచ్చిన భిన్నాన్ని పాయికెర్ట్ సంఖ్య ఘాతానికి హెచ్చించి, నిర్ణీత గంటలతో గుణించాలి. సీస-ఆమ్ల బ్యాటరీలకు ఈ సంఖ్య సుమారు 1.1 నుండి 1.3 వరకు ఉంటుంది. దానిని 1.2గా తీసుకుంటే:

- 100 ÷ (36 × 20) = 0.139
- 0.139కి 1.2 ఘాతం = 0.0936
- 0.0936 × 20 = 1.87 గంటలు
- 1.87 × 36 = 67 ఆంపియర్-గంటలు

వందలో మూడవ వంతు ఇక్కడే పోయింది.

వోల్టేజి తగ్గుదల

బ్యాటరీకి అంతర్నిరోధం ఉంటుంది కనుక కరెంటు తీసుకుంటున్నప్పుడు వోల్టేజి తగ్గుతుంది. సగటున 96కు బదులు 93 వోల్టులు అనుకుంటే లభించే శక్తి 67 × 93 = సుమారు 6,200 వాట్-గంటలు.

ఉత్సర్గపు లోతు

సీస-ఆమ్ల బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయరాదు. లోతైన ఉత్సర్గానికి ప్రత్యేకించి తయారైన బ్యాటరీలనైనా 80 శాతానికి మించి వాడకపోవడం మంచిది. రోజువారీ వాడకం 50 శాతంలోపు ఉంటే ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. 80 శాతమైతే 5,000 వాట్-గంటలు, 50 శాతమైతే 3,100 వాట్-గంటలు మాత్రమే వాడుకోదగినవి.

కార్లను స్టార్టు చేయడానికి వాడే మామూలు బ్యాటరీలు ఈ పనికి తగవు. వాటి పలకలు పలుచనివి. క్షణకాలం ఎక్కువ కరెంటు ఇవ్వడానికే అవి ఉద్దేశించినవి. ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీలు లోతైన ఉత్సర్గాన్ని తట్టుకుంటాయి గాని, గంటల తరబడి నెమ్మదిగా కరెంటు ఇవ్వడానికి రూపొందించినవి కనుక కారు కోరే భారీ కరెంటు వద్ద వాటి నుండి లభించేది తగ్గిపోతుంది.

వయస్సు, ఉష్ణోగ్రత

తొలినాటి నిల్వలో 80 శాతానికి పడిపోయిన బ్యాటరీకి ఆయుష్షు తీరినట్లు పరిగణించడం పరిపాటి. కనుక కొత్త బ్యాటరీతో సరిపోయే దూరాన్ని కాక, 80 శాతం మిగిలిన పాత బ్యాటరీతో సరిపోయే దూరాన్నే నమ్ముకోవాలి.

భారతీయ ప్రమాణాల ప్రకారం సీస-ఆమ్ల బ్యాటరీల నిల్వను 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కొలుస్తారు. చలి పెరిగితే నిల్వ తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చలి బాధ తక్కువే గాని ఎండ బాధ ఎక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సీస-ఆమ్ల బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఒక మోటు లెక్క. వేసవిలో 44, 45 డిగ్రీల ఎండలో డిక్కీలో బిగించిన బ్యాటరీకి గాలి తగిలే ఏర్పాటు లేకపోతే ఆ రోజు దూరం కొంచెం ఎక్కువే వచ్చినా, బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

బలహీనమైన ఘటం

శ్రేణిలో కలిపిన బ్యాటరీలన్నిటి గుండా ఒకే కరెంటు ప్రవహిస్తుంది. అందువలన మొత్తం వరుస నిల్వను నిర్ణయించేది వాటిలో అతి బలహీనమైనది. ఎనిమిదింటిలో ఏడు 100 ఆంపియర్-గంటలవి, ఒకటి మాత్రం 70దైతే, వరుస మొత్తాన్ని 70గానే లెక్కించాలి. ఆ ఒక్కటి ఖాళీ అయిన తరువాత కూడా కారు నడిపితే, మిగిలినవి దానిలోనికి విలోమ దిశలో కరెంటు నెట్టి దానిని పూర్తిగా పాడుచేస్తాయి. పాత, కొత్త బ్యాటరీలను కలిపి వాడరాదనడానికి కారణం ఇదే.

మొత్తం లెక్క

పైన చెప్పిన తగ్గింపులను వరుసగా పేర్చితే ఉదాహరణ కారు ప్రయాణ దూరం ఇలా కుదించుకుపోతుంది:

- కాగితం మీది శక్తి, స్థిరవేగపు ఖర్చు: 9,600 ÷ 74 = 130 కి.మీ.
- కాగితం మీది శక్తి, పట్టణపు ఖర్చు: 9,600 ÷ 115 = 83 కి.మీ.
- పాయికెర్ట్ నియమం, వోల్టేజి తగ్గుదల తరువాత: 6,200 ÷ 115 = 54 కి.మీ.
- 80 శాతం ఉత్సర్గంతో: 5,000 ÷ 115 = 43 కి.మీ.
- బ్యాటరీ పాతబడిన తరువాత: 4,000 ÷ 115 = 35 కి.మీ.

కనుక రోజుకు రానుపోను 30 కి.మీ. ప్రయాణించేవారికి ఈ కారు సరిపోతుంది. 50 కి.మీ. ప్రయాణించేవారికి, మధ్యలో ఛార్జి చేసుకొనే వీలు లేకపోతే, సరిపోదు. ఈ సంగతి బ్యాటరీలు కొనడానికి ముందే తెలియడం అవసరం.

లిథియం బ్యాటరీతో పోలిక

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఘటం వోల్టేజి 3.2. ముప్పై ఘటాలను శ్రేణిలో కలిపితే అదే 96 వోల్టులు వస్తాయి. 100 ఆంపియర్-గంటల ఘటాలతో కూర్చిన ఈ బ్యాటరీ పెట్టెతో సహా సుమారు 100 కిలోలు ఉంటుంది. అనగా కారు 140 కిలోలు తేలికై 860 కిలోలకు దిగుతుంది. పట్టణపు ఖర్చు కిలోమీటరుకు 115 నుండి సుమారు 100 వాట్-గంటలకు తగ్గుతుంది.

లిథియం ఘటాలపై పాయికెర్ట్ ప్రభావం చాలా స్వల్పం. పై పది శాతం, కింది పది శాతం వదలి మధ్యలోని 80 శాతం వాడినా, వోల్టేజి తగ్గుదలను కూడా లెక్కలోకి తీసుకుంటే సుమారు 7,500 వాట్-గంటలు లభిస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు 75 కి.మీ., పాతబడిన తరువాత 60 కి.మీ. వస్తుంది. కాగితం మీద రెండు బ్యాటరీల నిల్వ ఒక్కటే అయినా దారిలో వచ్చే దూరం ఇంచుమించు రెట్టింపు కావడం గమనార్హం.

అయితే ప్రతి ఘటం వోల్టేజినీ విడిగా గమనించే నియంత్రణ పరికరం లేకుండా లిథియం బ్యాటరీని వాడరాదు. సున్నా డిగ్రీల కంటె తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈ ఘటాలను ఛార్జి చేయరాదు.

ఘాట్ రోడ్డుపై లెక్క

సమతలానికి వేసిన అంచనా కొండదారికి పనికిరాదు. తిరుపతి నుండి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డును ఉదాహరణగా తీసుకుందాం. దాని పొడవు సుమారు 16 కి.మీ., ఎక్కవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు.

1,000 కిలోల కారును 700 మీటర్లు ఎత్తడానికి 1,000 × 9.81 × 700 = 68.7 లక్షల జౌళ్ళు, అనగా 1,900 వాట్-గంటలు కావాలి. దక్షతతో భాగిస్తే 2,490. గంటకు 30 కి.మీ. వేగంతో 16 కి.మీ. నడవడానికి మామూలుగా అయ్యే ఖర్చు 58 × 16 = 930. రెండూ కలిపి సుమారు 3,400 వాట్-గంటలు. సమతలం మీదనైతే ఈ శక్తితో పట్టణంలో 30 కి.మీ. దాకా తిరగవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎక్కేటప్పుడు సగటు కరెంటు 36 నుండి 67 ఆంపియర్లకు పెరుగుతుంది. పాయికెర్ట్ సూత్రం ప్రకారం అప్పుడు లభించే ఆంపియర్-గంటలు 67 నుండి 59కి తగ్గుతాయి. వోల్టేజి 91కి దిగుతుందనుకుంటే, 80 శాతం ఉత్సర్గంతో కొత్త సీస-ఆమ్ల బ్యాటరీ 4,300 వాట్-గంటలు ఇస్తుంది. పాతది 3,400 మాత్రమే ఇస్తుంది. అనగా పాత బ్యాటరీతో బయలుదేరిన కారుకు కొండ ఎక్కేసరికి వాడుకోదగిన శక్తి సరిగ్గా అయిపోతుంది. ఒక మనిషి అదనంగా ఎక్కినా, ఎదురుగాలి వీచినా, దారి మధ్యలో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

దిగేటప్పుడు శక్తి దాదాపు అవసరం లేదు. కాని పెట్రోలు కారులో గేరు వేసి దిగేటప్పుడు ఇంజను ఇచ్చే నిరోధం మార్పిడి కారులో ఉండదు. శక్తిని తిరిగి రాబట్టే ఏర్పాటు లేకపోతే భారమంతా బ్రేకులపైనే పడి అవి వేడెక్కుతాయి.

అంచనాను సరిచూసుకొనే పద్ధతులు

తటస్థ గేరు పరీక్ష: గాలి లేని సమయంలో, సమతలమైన, రద్దీ లేని రోడ్డుపై కారును 50 కి.మీ. వేగం దాటించి, గేరును తటస్థ స్థితికి తేవాలి. వేగం 50 నుండి 40కి తగ్గడానికి పట్టిన కాలాన్ని పక్కన కూర్చున్నవారు కొలవాలి. రెండు దిక్కులలోను చేసి సగటు తీసుకోవాలి. తగ్గిన వేగం సెకనుకు 2.78 మీటర్లు. దానిని కాలంతో భాగించి ద్రవ్యరాశితో గుణిస్తే నిరోధ బలం వస్తుంది. ఉదాహరణ కారుకు సుమారు 15 సెకన్లు పట్టాలి. 11 సెకన్లే పడితే నిరోధం 253 న్యూటన్లకు పెరిగినట్లు. అప్పుడు టైర్లలో గాలి తగ్గిందో, బ్రేకులు పట్టుకొని ఉన్నాయో చూడాలి. ఈ పరీక్షను మార్పిడికి ముందే పెట్రోలు కారుపై చేసుకోవచ్చు.

గోడ మీటరు: తెలిసిన దూరం తిరిగి వచ్చిన తరువాత పూర్తిగా ఛార్జి అయ్యేవరకు ఖర్చయిన యూనిట్లను కొలవాలి. సీస-ఆమ్ల బ్యాటరీలను ఛార్జి చేసేటప్పుడు ఛార్జరుతో కలిపి పాతిక శాతం దాకా నష్టం ఉండవచ్చు. కనుక బ్యాటరీ నుండి 115 వాట్-గంటలు వాడే కారు గోడ నుండి కిలోమీటరుకు సుమారు 153 వాట్-గంటలు తీసుకుంటుంది.

ఆంపియర్-గంటల మీటరు: బ్యాటరీ నుండి వెళ్ళిన కరెంటును ఎప్పటికప్పుడు కూడే మీటరు అన్నిటికంటె నమ్మదగినది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి చివరివరకు దాదాపు మారదు కనుక వోల్టుమీటరు చూసి మిగిలిన నిల్వను చెప్పడం కష్టం. సీస-ఆమ్ల బ్యాటరీలకు విరామస్థితిలో వోల్టేజి చూడవచ్చు. 12 వోల్టుల బ్యాటరీకి పూర్తి ఛార్జిలో సుమారు 12.7, సగం వద్ద 12.2 వోల్టులు ఉంటుంది. ఆమ్లపు సాపేక్ష సాంద్రతను హైడ్రోమీటరుతో కొలిస్తే పూర్తి ఛార్జిలో సుమారు 1.26 ఉంటుంది. ప్రతి ఘటాన్నీ విడిగా కొలవడం వలన బలహీనమైనది ఏదో ముందే తెలుస్తుంది.

భద్రత, చట్టపరమైన విషయాలు

96 వోల్టుల డి.సి. విద్యుత్తు ప్రాణాపాయం కలిగించగలదు. బ్యాటరీ వరుసలో ఫ్యూజు, చేతికి అందేచోట విచ్ఛేదక స్విచ్ తప్పనిసరి. సీస-ఆమ్ల బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోటనే ఛార్జి చేయాలి. ఇంజను శూన్యపీడనంపై ఆధారపడిన బ్రేకు బూస్టరు ఉన్న కార్లకు విడిగా వాక్యూమ్ పంపు అమర్చాలి. మొత్తం బరువు, ప్రతి ఇరుసుపై పడే బరువు తయారీదారు నిర్ణయించిన పరిమితిని దాటరాదు.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం నిషిద్ధం. పాత వాహనాలలో అమర్చే విద్యుత్ కిట్లకు ఎ.ఐ.ఎస్.-123 అనే ప్రమాణం ఉంది. ఆమోదం పొందిన కిట్టును అమర్చి, రవాణా శాఖ వద్ద రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పును నమోదు చేయించుకున్న తరువాతనే వాహనాన్ని రోడ్డుపైకి తేవాలి. బీమా సంస్థకు కూడా ఈ మార్పును తెలియజేయాలి.

సంగ్రహం

ప్రయాణ దూరపు అంచనాలో మూడు సంఖ్యలు ముఖ్యం: కిలోమీటరుకు అయ్యే ఖర్చు, బ్యాటరీ నుండి నిజంగా లభించే శక్తి, వయసుతో అది తగ్గే పాలు. మొదటిదానిని బరువు, వేగం, ఆగే సంఖ్య నిర్ణయిస్తాయి. రెండవదానిని బ్యాటరీ రకం, తీసుకొనే కరెంటు నిర్ణయిస్తాయి. ఈ లెక్క చేయడానికి వీలులేనప్పుడు, సీస-ఆమ్ల బ్యాటరీపై అచ్చువేసిన శక్తిలో 40 శాతం మాత్రమే చేతికి వస్తుందని, వెయ్యి కిలోల కారు పట్టణంలో కిలోమీటరుకు 115 నుండి 140 వాట్-గంటలు తింటుందని మోటుగా తీసుకోవచ్చు. అలా వచ్చిన దూరం రోజువారీ అవసరం కంటె తక్కువైతే, చిన్న కారును ఎంచుకోవడమో, లిథియం బ్యాటరీకి మారడమో, పనిచేసే చోట ఛార్జి చేసుకొనే వీలు చూసుకోవడమో చేయాలి.